వంగని మోకాలు

మా షాపులో కాళ్ళు తయారు చేస్తాం. ప్రమాదాల్లో పోయిన కాళ్ళకి, జబ్బుల్లో తీసేసిన కాళ్ళకి, ఎక్కడో ఎవరో పేల్చిన బాంబుల్లో ఎగిరిపోయిన కాళ్ళకి బదులు కాళ్ళు. జనం ఊతకర్రల మీద వస్తారు, మేం చేసిన కాలు తొడుక్కుని నడిచి వెళతారు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, పైకి చూసి, "అంతా దేవుడి దయ" అంటారు.

ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మీరే చెప్పండి. మిగిలిన తొడకి తడి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీసింది మా సున్నం బాబాయి. ఆయన చేతులెప్పుడూ తెల్లగా ఉంటాయి, అందుకే ఆ పేరు. ఆ అచ్చుని బట్టి తొడ దూరే గిన్నె పోసి, అంచులు గీకి, ఎక్కడ ఒరుసుకుంటోందో అడిగి మళ్ళీ గీకి, మోకాలి కీలు బిగించి, పాదం సరిచేసింది నేను. కరిగిన ప్లాస్టిక్ పొగకి గొంతు బొంగురుపోయింది నాకు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు పేరు మాత్రం ఆ దేవుడికి. పోనీ కాలు పోయినప్పుడు ఆయన పేరు ఎత్తుతారా అంటే ఎత్తరు. అప్పుడు తప్పు లారీవాడిది, లేకపోతే డాక్టరుది, ఎవరూ దొరక్కపోతే తలరాతది. మంచి జరిగితే మెచ్చుకోలు, చెడు జరిగితే ఊసే లేదు. అలాంటి ఉద్యోగం ఎవరైనా నాకిస్తే కళ్ళకద్దుకుని చేరిపోతాను.

షాపులో కిటికీ పక్కన ఒక అల్మారా ఉంది. అందులో పిల్లల పాదాలు ఉంటాయి, వరసగా, చిన్నవి కిందా పెద్దవి పైనా. పిల్లలు ఎదుగుతారు కదా, అందుకని పాదం మారుస్తూ ఉండాలి. అన్నిటికన్నా చిన్నది నా అరచేతిలో ఇముడుతుంది. ఆ అల్మారా ముందు నిలబడి దేవుడికి దండం పెట్టమనండి ఎవరినైనా, చూస్తాను.

ఒకసారి ఒక తండ్రి తన పాప చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, కళ్ళనీళ్ళు పెట్టుకుని, అలవాటైన ఆ మాటే అన్నాడు. "దేవుడు కాదండీ, నేను. సోమవారం నుంచి ఈ కాలి పని మీదే ఉన్నాను" అన్నాను. పాపం ఆయన బిత్తరపోయాడు. వాళ్ళు వెళ్ళాక సున్నం బాబాయి చేతులు కడుక్కుంటూ నవ్వాడు.

"అమ్మాయ్, అందరికీ దేవుడి మీద కోపం ఉంటుంది. నీది కోపం కాదే, కుళ్ళు."

"ఆయన మీద నాకెందుకు బాబాయ్ కుళ్ళు? ఆయనకేమన్నా నాకంటే బాగా గీకడం వచ్చా?" అన్నాను. నవ్వేశాను కూడా. కానీ బాబాయి సరిగ్గా చెప్పాడు. నాకు దేవుడంటే అసూయ. అది షాపులో పుట్టింది కూడా కాదు, మా ఇంట్లో పుట్టింది.

నాకు ఒక్కతే చెల్లి. దానికి ఊహ తెలియకముందే అమ్మా, ఆ వెనకే నాన్నా పోయారు. జడలు వేసింది నేను, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది నేను, లెక్కలు రాకపోతే నాలుగు తగిలించి, ఆ తరవాత దగ్గరికి తీసుకున్నది కూడా నేనే. అది బడి నుంచి మొహం వేలాడేసుకుని వస్తే, "ఏమైందే?" అని అడిగేదాన్ని. "ఏం లేదక్కా" అనేది. అన్నం తినేది. తిన్నాక లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి మోకాళ్ళ మీద కూర్చుని గుసగుసలు మొదలుపెట్టేది. నేను తలుపుకి చెవి ఆనించి నిలబడేదాన్ని. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అన్నం పెట్టేది నేను, కబుర్లు ఆయనకి. అప్పట్నుంచే ఒళ్ళు మండేది నాకు.

పెద్దయ్యాక అది కర్టెన్లు కుట్టే షాపులో చేరింది. సెలవు రోజున మా వీధి చివర ప్రార్థన మందిరానికి వెళ్ళి వస్తుండేది. అలా వస్తున్నప్పుడే, మలుపులో ఒక లారీ వెనక్కి వచ్చింది. ఆయన్ని పలకరించి వస్తూనే, ఆయన గుమ్మం ఇంకా కనపడుతుండగానే, మా చెల్లి కుడి కాలు తొడ దాకా పోయింది.

ఆస్పత్రిలో దానికి తెలివొచ్చి, దుప్పటి కింద చదునుగా ఉన్న చోటు చూసుకుని, తల నా వైపు తిప్పింది. ఏడుస్తుంది, ఈసారి నన్ను పట్టుకునే ఏడుస్తుంది అనుకున్నాను. భుజం ముందుకు వంచాను కూడా. అది నవ్వింది. "నువ్వు కాళ్ళు చేసేదానివి కాబట్టి సరిపోయిందక్కా" అంది. నేను మందులు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి, గోడవైపు తిరిగి ఆ పాత గుసగుసలే.

నా ఓపిక నశించింది. "ఆయన దగ్గర్నుంచి వస్తుంటేనే కదే కాలు పోయింది! ఇంకా ఏం మొహం పెట్టుకుని ఆయనతో మాట్లాడుతున్నావు?"

"మాట్లాడకపోతే ఎలా అక్కా?" అంది. అంతే. గోడకి చెప్పుకున్నా నాకు ఇంతకంటే ఎక్కువ జవాబొచ్చేది.

నేను వాదించడం మానేసి కాలు చెయ్యడం మొదలుపెట్టాను. అంత శ్రద్ధగా నేను ఏ కాలూ చెయ్యలేదు. తొడ గిన్నె అంచుని నా చెంపకి రాసుకుని చూశాను, ఎక్కడా గరుకు ఉండకూడదని. దాని ఎడమకాలి పిక్క చూసి చూసి, అదే వంపు చెక్కాను. ఈ కాలు వేసుకుని అది వేసే ప్రతి అడుగులోనూ నేనుంటాను, ఇక ఆయనకి చోటుండదు అనుకున్నాను. పిచ్చి లెక్కే, కానీ ఆ లెక్క మీదే పని చేశాను.

కాలు సగంలో ఉండగా చెల్లి అంది: "ఇది తొడుక్కోగానే ముందు మందిరానికెళ్ళి మోకరిల్లాలక్కా. ఎన్నాళ్ళైందో."

ఎదురుగా గీకుతున్న చెయ్యి నాది. ఉమ్మడిగా అయినా నా పేరు చెప్పలేదు.

ఇక్కడ మా పనిలో ఒక సంగతి చెప్పాలి. మోకాలి కీలు వెనక చిన్న రబ్బరు దిమ్మ ఒకటి బిగిస్తాం. దాన్ని మేం అడ్డు అంటాం. కొత్తగా నడిచేవాళ్ళకి మోకాలు పూర్తిగా మడతపడి కూలబడిపోకుండా అది ఆపుతుంది. అడ్డు ఉన్నప్పుడు కాలు కుర్చీకి సరిపడా వంగుతుంది, అదీ పాదం కాస్త ముందుకి చాచుకుని. నేల మీద మోకరిల్లేంత వంగదు. నడక కుదిరాక ఒక మర విప్పి దాన్ని తీసేస్తాం. తియ్యమని ఎవరూ అడగరు, అలాంటిదొకటి ఉందనే వాళ్ళకి తెలియదు. ఎప్పుడు తియ్యాలో కాలు చేసినవాళ్ళకే తెలుస్తుంది.

షాపులో నడక నేర్చుకోవడానికి పాతిన రెండు కమ్మీల మధ్య చెల్లి అభ్యాసం చేసింది. చేతులు వదిలేసి నడిచింది, పక్కకి తిరిగింది, మెట్టెక్కి దిగింది. "దీనికింక అడ్డు అక్కర్లేదే, తీసెయ్" అన్నాడు బాబాయి. "ఇంకా తడబడుతోంది" అన్నాను. అది తడబడలేదు. నేల మీదకి దిగాలంటే అది నా భుజం పట్టుకోవాలి, లేదా దిగకూడదు. కావాలనే ఆ మర ఇంకో చుట్టు బిగించాను.

ఎవరైనా మొదటిసారి కమ్మీలు దాటి కొత్త కాలుతో నడిచే రోజున మా షాపులో అందరం పనులాపేసి నిలబడతాం. ఆ రోజు రంపం ఆగింది, పొయ్యి ఆగింది. చెల్లి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, నడుచుకుంటూ సూటిగా నా దగ్గరికి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. అప్పుడు అది కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. అటు చెప్పుకోవాల్సింది చెప్పుకున్నాక కళ్ళు తెరిచి, "థాంక్స్ అక్కా" అంది.

అంటే నాది రెండో స్థానం. ఆ అడ్డు బిగించినందుకు లోపల ఎక్కడో కాస్త పీకుతూ ఉండేది, ఆ క్షణంతో అది కూడా పోయింది.

"మోకాలు పూర్తిగా వంగట్లేదేంటక్కా?" అని అడిగింది ఇంటికొచ్చాక.

"కొత్తలో అంతే. తరవాత చూద్దాం" అన్నాను. నమ్మేసింది. కాళ్ళ సంగతిలో నా మాటే దానికి వేదం.

సెలవు రోజున అది మందిరానికి బయల్దేరితే, దారిలో పడిపోతావేమోనని వంక పెట్టి వెంట వెళ్ళాను. లోపలికి వెళ్ళలేదు. గుమ్మం పక్కన చెప్పుల దగ్గర నిలబడి చూశాను. అందరూ ఒక్కసారిగా మోకాళ్ళ మీదికి వంగారు. చెల్లి కూడా వంగబోయింది. కుడికాలు కర్రలా ముందుకి తన్నుకొచ్చింది. పక్కావిడ భుజం పట్టుకుని మళ్ళీ లేచింది. ఇంకోసారి ప్రయత్నించి గోడ పట్టుకుంది. అన్ని వంగిన వీపుల మధ్యా అదొక్కతే నిలువుగా మిగిలిపోయింది. ఎవరో ముసలావిడ కుర్చీ తెచ్చి వేసింది. చెల్లి అందులో కాలు చాపుకుని కూర్చుంది.

నాకు సంతోషం వేసింది. పాడు సంతోషమే, అయినా సంతోషమే. ఇప్పుడు చెప్పు స్వామీ, నీ దగ్గరికి రావాలన్నా నా చేతి పనే కావాలి అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు చెల్లి అదేమీ ఎత్తలేదు. దారంతా ఏవో జోకులు వేసింది. ఆ తరవాత ఇంకొన్ని సెలవులు వెళ్ళింది. ఒక సెలవు రోజు తల నొప్పిగా ఉందని మానేసింది, పై వారం కుట్టు పని మిగిలిందంది. ఆ పై వారం కారణం కూడా చెప్పలేదు. లోపలి గదిలో గోడవైపు తిరగడం కూడా మానేసింది.

గెలిచాననుకున్నాను. ఇంట్లో అది నాతోనే కూర్చుంటోంది, నా వెనకే తిరుగుతోంది, నేనేమన్నా నవ్వుతోంది. నా వంట బాగుందంది. ఈ ముక్కతోనే నాకు అనుమానం రావాల్సింది, నా వంట సంగతి నాకు తెలుసు. కానీ మనసుకి నచ్చిన అబద్ధాన్ని ఎవరు తరచి చూస్తారు? ఆ బాగుందన్న వంటే కంచంలో సగం మిగిలిపోవడం చూసి కూడా ఊరుకున్నాను. కర్టెన్ల షాపావిడ వీధిలో కనపడి, "మీ చెల్లి ఒకే కుట్టు కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. ఏమైనా బాగోలేదా?" అని అడిగితే, "కాలు కొత్త కదండీ" అని తప్పించుకున్నాను.

కాలే చివరికి నిజం చెప్పింది. ఒకరోజు చెల్లి షాపుకొచ్చింది. తొడ దగ్గర గిన్నె వదులైపోయి అడుగు వేస్తుంటే జారుతోందట. మనిషి చిక్కితే తొడ కూడా చిక్కుతుంది, గిన్నె వదులవుతుంది. బాబాయి టేపు పెట్టి కొలిచి, దాని మొహం చూసి, "ఏమ్మా, ఇలా కరిగిపోతున్నావేంటి? అక్క తిండి పెట్టట్లేదా?" అన్నాడు. చెల్లి నవ్వింది. బాబాయి దాని కాలు విప్పి బల్ల మీద బోర్లా తిప్పాడు.

"ఒసేయ్ అమ్మాయ్, ఈ అడ్డు ఇంకా తియ్యలేదా? ఎప్పుడో తియ్యమన్నానుగా! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఏమో అనుకున్నాను. ఒక్క మర విప్పే పని!"

ఆయన వేళాకోళంగానే అన్నాడు.

"ఏం అడ్డు బాబాయ్?" అంది చెల్లి.

"ఇదిగో, ఈ రబ్బరు ముక్క. ఇది తీసేస్తే మోకాలు మొత్తం మడతపడుతుంది. నేల మీద కూర్చోవచ్చు, మోకరిల్లొచ్చు, నీ ఇష్టం."

చెల్లి నా వైపు చూసింది. బాబాయి దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు.

"తెలిసే ఉంచావా అక్కా?"

అబద్ధం చెప్పడానికి నాకు దారి ఉంది. జాగ్రత్త కోసం అంటే నమ్మేది. కానీ అది అడిగిన తీరుకి నాకు అబద్ధం రాలేదు.

"అవును, తెలిసే."

"ఎందుకు?"

"ఎందుకా?" ఇన్నేళ్ళ మంటా ఒక్కసారిగా పైకొచ్చింది. "ఆస్పత్రిలో నీ మలమూత్రాలు ఎత్తింది ఎవరే? ఆయనా? నీ పిక్క వంపు కోసం వేళ్ళు కోసుకుంది ఆయనా? అదిగో ఆ అల్మారా చూడు. ఆ పాదాలు వేసుకునే పిల్లలు ఏం పాపం చేశారు? వాళ్ళని చూస్తూ ఊరుకున్నవాడికి, నీ కాలు లారీ కింద పడుతుంటే చూస్తూ ఊరుకున్నవాడికి, నువ్వెళ్ళి మోకాళ్ళ మీద పడతావు. నేను చేసిన మోకాళ్ళ మీద! అసలు ఏం చేశాడే ఆయన నీకు?"

"ఏం చెయ్యలేదు."

"మరి?"

"ఏం చెయ్యడక్కా. అందుకే వెళ్తాను."

అది బల్ల అంచుని పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నీ దగ్గర ఏడవలేనక్కా నేను. కళ్ళు తడైతే చాలు, నువ్వు లేచిపోతావు. మందు తెస్తావు, దిండు సర్దుతావు, డాక్టరుతో పోట్లాడతావు, కాలే చేసి పెడతావు. నువ్వింత చేస్తుంటే నేను బాగుండకపోతే ఎలా? ఆ రోజు ఆస్పత్రిలో కళ్ళు తెరిచి నీ మొహం చూశాను. నేను ఏడిస్తే నువ్వు చచ్చిపోయేలా ఉన్నావు. అందుకని నవ్వాను. అప్పట్నుంచీ నవ్వుతూనే ఉన్నాను. దవడలు నొప్పెడుతున్నాయక్కా."

నేను స్టూలు దాని వైపు జరిపాను. అది కూర్చోలేదు.

"ఆయన ముందైతే బాగుండక్కర్లేదు. ఏడ్చినా అక్కడే ఉంటాడు, తిట్టినా అక్కడే ఉంటాడు. ఆ అల్మారా సంగతి నేను అడగలేదనుకున్నావా? వెళ్ళిన ప్రతిసారీ అడిగాను. నా కాలి గురించి కూడా అడిగాను. జవాబు ఎప్పుడూ రాలేదు. ఉన్నాడో లేడో కూడా నాకు సరిగ్గా తెలీదు. కానీ అడుగుతున్నంతసేపూ నన్ను ఊరుకోమని ఎవరూ అనరు."

"కుర్చీలో కూర్చుని ఏడవచ్చుగా?" అన్నాను. అంతకంటే తెలివైన మాట ఒక్కటీ తట్టలేదు.

"కుర్చీలో కూర్చుంటే అందరికీ కనపడతాను. కాలెలా ఉందమ్మా అని వచ్చి చుట్టూ చేరతారు. వాళ్ళకీ నవ్వే చూపించాలి. అందరితో పాటు కిందకి వంగిపోతే ఎవరికీ కనపడనక్కా. నాకు దొరికిన చోటు అదొక్కటే."

నిజం చెప్పాలంటే అప్పుడు కూడా నాకు అసూయే వేసింది, ఇంతకు ముందు ఎన్నడూ లేనంతగా. నేను పెట్టిన అన్నం మీద, కట్టిన కట్ల మీద ఆయన పేరు కొట్టేశాడని కదా ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాను. తీరా చూస్తే మా చెల్లి ఏడుపంతా ఆయన దగ్గరే ఉంది. నాకు ఇన్నేళ్ళుగా దొరికింది దాని నవ్వు, అదీ నాకోసం బలవంతంగా నవ్విన నవ్వు.

నేను పానా తీసుకుని మర విప్పాను. రబ్బరు ముక్క ఊడి బల్ల మీద పడింది. దాని తొడకి మేజోడు మీద ఇంకో మేజోడు వేసి గిన్నె బిగుతు చేసి, కాలు తొడిగాను. చెల్లి కమ్మీల మధ్యకి నడిచింది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని మెల్లగా దిగింది. మోకాలు మడతపడింది, ఇంకా మడతపడింది, నేలని తాకింది.

సరిగ్గా వంగిందో లేదో చూసుకోవడానికే దిగిందనుకుంటాను. కానీ దిగినదాని తల కూడా వంగింది. నుదురు కమ్మీకి ఆనింది. లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది, చిన్నప్పుడు కూడా దాని గొంతులో నేను వినని శబ్దం. ఆ తరవాత ఇక ఆగలేదు. కాలి గురించి ఏడ్చింది, అమ్మని పిలిచింది, లారీవాణ్ణి తిట్టింది, దేవుణ్ణి తిట్టింది. నడుమ నన్ను కూడా ఒక మాట అంది.

నా చేతులు లేచాయి. గిన్నె అంచు దాని గజ్జల్లో నొక్కుకుంటోందని నాకు ఇక్కణ్ణుంచే కనపడుతోంది. నాలుగు గీతలు గీకితే సరిపోతుంది. నీళ్ళివ్వచ్చు. వీపు నిమరొచ్చు. ఊరుకోవే అనొచ్చు, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పానా పక్కన పెట్టాను. దాని పక్కనే నేల మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

ఇంత కష్టమైన పని నేను షాపులో ఎన్నడూ చెయ్యలేదు.

బాబాయి నీళ్ళ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాడు. దాన్ని చూసి గబగబా రాబోయాడు. వద్దని తల అడ్డంగా ఊపాను. ఆయన గ్లాసు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. చెల్లి ఏడుస్తూనే ఉంది, నేను దాని పక్కన ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను.